స్టుట్‌గార్ట్‌లో గది దొరికేదాకా

మాస్టర్స్‌కని జర్మనీ వచ్చి ఏడాది దాటింది కానీ మొదట్లో గది కోసం తిరిగిన ఆరు వారాలు ఇంకా మర్చిపోలేదు, ఈసారి వచ్చేవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

దిగగానే యూత్ హాస్టల్‌లో పది రోజులున్నా. కొండ మీద ఉంటుంది, పొద్దున్నే కిటికీ తీస్తే ఊరంతా కింద కనిపిస్తుంది, చాలా శుభ్రం, టిఫిన్ కూడా రేటులోనే కలిపారు. కానీ రెండు పెద్ద సూట్‌కేసులతో ఆ ఎత్తు ఎక్కేసరికి ప్రాణం పోయింది, పైగా వండుకోవడానికి లేదు, అమ్మ కట్టిచ్చిన కందిపొడి బ్రెడ్ మీద చల్లుకుని తిన్నా. మూడు నాలుగు రోజులకైతే ఓకే, అంతకుమించి డబ్బులు దండగ.

అసలు విషయం ఏంటంటే ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లో సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి, ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం పెట్టిన కాగితం కావాలి. అందుకే అద్దె ఎంత అని అడిగే ముందే ఆ కాగితం ఇస్తారా అని అడగండి, అది కూడా మెసేజ్‌లో. నేను ఫోన్‌లో అడిగి తప్పు చేశా. రెండు నెలల కోసమని గది ఇచ్చినతను ఇస్తా ఇస్తా అని, సామాను పెట్టుకున్నాక కుదరదన్నాడు, మళ్లీ వెతుకులాట మొదలు. నా క్లాస్‌మేట్‌ది ఇంకా ఘోరం, ఓనరు వేరే దేశంలో ఉన్నానని, డిపాజిట్ పంపితే తాళాలు పోస్టులో పంపుతానని అంటే నమ్మి పంపేశాడు, తాళాలూ రాలేదు డబ్బులూ రాలేదు. గది కళ్లతో చూడకుండా ఒక్క యూరో కూడా పంపొద్దు, దయచేసి.

ప్రకటనల్లో కాల్ట్ అంటే ఉత్త అద్దె, వార్మ్ అంటే నీళ్లు, హీటింగ్, చెత్త ఖర్చులు కలిపి, కరెంటు, నెట్ చాలాచోట్ల విడిగా ఉంటాయి. డిపాజిట్ మూడు నెలల కాల్ట్ అద్దెకి మించి తీసుకోకూడదని చట్టమే ఉంది, మూడు వాయిదాల్లో కట్టొచ్చు కూడా. రేడియో టీవీ ఫీజు ఇంటికి నెలకి 18.36 యూరోలు, నలుగురుంటే పంచుకోవచ్చు.

స్టుట్‌గార్ట్ పక్కనే ఉన్న ఎస్లింగెన్‌లో ఒక ఇల్లు అద్దె తక్కువని వెళ్లి చూశా. వంటగదిలో సింకు లేదు, స్టవ్ లేదు, గోడలోంచి రెండు పైపులు, పక్కన వేలాడుతున్న వైర్లు, అంతే. పాతవాళ్లు మొత్తం ఊడదీసుకుని పోతారట, ఇక్కడ అది మామూలే. కొత్తగా వచ్చినవాళ్లకి అలాంటివి వద్దే వద్దు.

చివరికి లుడ్విగ్స్‌బుర్గ్‌లో వేగే దొరికింది, అంటే నలుగురు కలిసుండే ఇల్లు, ఎస్-బాన్ అనే లోకల్ రైలు ఎక్కితే పావుగంటలో స్టుట్‌గార్ట్. ముగ్గురు నన్ను వంటగదిలో కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు, శుభ్రం గురించే ఎక్కువ అడిగారు. మన వంతు వారం వస్తే తలుపుకి కేర్‌వోకె అని బోర్డు తగిలిస్తారు, ఆ వారం మెట్లు ఊడ్చే పని మనదే. నాకైతే ఈ పద్ధతి బాగా నచ్చింది. తూర్పు జర్మనీలో మాగ్డెబుర్గ్‌లో ఉండే మా పిన్ని కొడుకు నాకంటే బాగా తక్కువ అద్దెకి విడిగా ఉంటున్నాడు, కోర్సు రెండు చోట్లా దొరికితే అటువైపు ఊళ్లు కూడా చూడండి.

ఓనరమ్మ గది తాళంతో పాటే ఆ కాగితం కూడా చేతిలో పెట్టింది. ఆఫీసులో పని పది నిమిషాల్లో అయిపోయింది, బయటికి రాగానే అమ్మకి ఫోన్ చేశా.