ఫిస్ప్‌లో ఉద్యోగం సరే, ఇల్లు ఎక్కడ? బ్రిగ్‌లోనా, బెర్న్‌లోనా?

హైదరాబాద్ నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. "అక్కా, ఆయనకి ఫిస్ప్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఎక్కడ తీసుకోమంటారు?" జీడిమెట్లలోనో జీనోమ్ వ్యాలీలోనో మందుల కంపెనీల్లో ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకి ఈ చిన్న స్విస్ ఊరి నుంచి పిలుపు రావడం ఇప్పుడు వింత కాదు. లోంజా కంపెనీ పెద్ద ప్లాంటు ఇక్కడే ఉంది. కోవిడ్ రోజుల్లో మోడెర్నా టీకాకి కావలసిన అసలు పదార్థం ఇక్కడ తయారైంది. ఊరి జనాభా చూస్తే మన మండల కేంద్రమంత కూడా ఉండదు. రెండు వైపులా కొండలు, మధ్యలో రోన్ నది. ఆ నదిని ఇక్కడివాళ్లు రోటెన్ అంటారు.

మేం మొదటి రెండేళ్లు రాజధాని బెర్న్‌లో ఉన్నాం. ఆరేళ్లుగా ఫిస్ప్‌కి దగ్గరి ఊరు బ్రిగ్‌ని ఆనుకుని నదికి అవతల ఉన్న నాటర్స్‌లో ఉంటున్నాం. ఫిస్ప్ ఇక్కడి నుంచి రైల్లో పది నిమిషాల లోపే. ఈ ప్లాంటు పెరిగాక ఫిస్ప్‌లో ఇళ్లు దొరకడం కష్టమైపోయింది, అందుకే చాలామంది బ్రిగ్, నాటర్స్ వైపు చూస్తున్నారు. రెండు చోట్లా సంసారం చేశాను కాబట్టి, నాకు తెలిసింది ఉన్నదున్నట్టు చెప్తాను.

ఫోన్ చేసేవాళ్లు ముందే మ్యాప్ చూసుకుని ఉంటారు. బెర్న్ నుంచి ఫిస్ప్‌కి రైల్లో 55 నిమిషాలు. "మియాపూర్ నుంచి ఉప్పల్‌కి వెళ్లాలన్నా అంత పడుతుంది కదా అక్కా" అంటారు. నిజమే. 2007లో లెచ్‌బెర్గ్ కొత్త సొరంగం తెరిచాక ఈ రెండు ఊళ్లూ అంత దగ్గరయ్యాయి. 34.6 కిలోమీటర్ల సొరంగం అది. అరగంటకో రైలు ఉంటుంది, కూర్చుని ల్యాప్‌టాప్ తెరుచుకోవచ్చు. కానీ ఇంటి నుంచి స్టేషన్‌కి, స్టేషన్ నుంచి ప్లాంటుకి, షిఫ్టు బట్టలు మార్చుకోవడానికి పట్టే టైమ్ ఆ 55 నిమిషాల్లో లేదు. మా ఆయన పొద్దున ఆరుంపావుకి బయలుదేరి సాయంత్రం ఏడుకి వచ్చేవారు. అప్పటికి మా చిన్నోడు నిద్రకి జోగుతూ ఉండేవాడు. వారం మొత్తంలో వాడు నాన్నని చూసేది శనాదివారాలే. సొరంగంలో ఏదైనా సమస్య వచ్చిందంటే 1913 నాటి పాత కొండ దారిలో చుట్టూ తిరిగి రావాలి, ఇక ఆ రోజు సంగతి చెప్పక్కర్లేదు.

నాటర్స్‌కి మారాక ఐదుంబావుకి ఇంట్లో ఉంటున్నారు. ఈ ఒక్క తేడా ముందు మిగతా చాలా విషయాలు చిన్నవిగా కనిపిస్తాయి నాకు.

అయితే ప్లాంటుకి వెళ్లే మనిషి సౌకర్యం ఒక్కటే చూసి ఇల్లు తీసుకోకండి. పగలంతా ఆ ఊళ్లో గడిపేది మిగతావాళ్లు. ఇంట్లో ఉండే మనిషి ఎలా ఉండగలదో, పిల్లల వయసెంతో ముందు చూడండి. ఫోన్లో భర్త మాట్లాడితే, "ఒకసారి ఆవిడకి ఇవ్వండి" అని అడిగి మరీ ఆవిడతో మాట్లాడతాను.

ఇక్కడ బడి రోజు మన దగ్గరిలా ఉండదు. నాలుగేళ్లు నిండాక కిండర్‌గార్టెన్, అది కూడా నిర్బంధ విద్యలో భాగమే, ఫీజు లేదు. పదకొండున్నరకి పిల్లలు అన్నానికి ఇంటికి వచ్చేస్తారు, మళ్లీ ఒకటిన్నరకి వెళ్తారు. బుధవారం మధ్యాహ్నం సెలవు. మెడలో మెరిసే త్రికోణం పట్టీ వేసుకుని, ఐదేళ్ల పిల్లలు ఒక్కళ్లే నడిచి వెళ్తారు. మొదటి వారం నేను చెట్టు చాటున నిలబడి మా వాణ్ణి చూసేదాన్ని. జీబ్రా గీతల దగ్గర ఆగాడు, అటూ ఇటూ చూశాడు, కారు పూర్తిగా ఆగేదాకా కదల్లేదు, తర్వాత దాటాడు. కారులో ఉన్న పెద్దాయన చెయ్యి ఊపారు. మర్నాడు కూడా అదే కారు, అదే చెయ్యి. నెల తిరిగేసరికి ఆ వీధిలో అందరికీ మా వాడి పేరు తెలిసింది. నాకు మాత్రం ఇంకా ఎవరి పేరూ తెలియదు.

బెర్న్‌లో కూడా పిల్లలు నడిచే వెళ్తారు, మధ్యాహ్నం వస్తారు. కానీ అక్కడ బడిలోనే భోజనం పెట్టి సాయంత్రం దాకా చూసుకునే టాగెస్‌షూలె ఏర్పాటు బాగా ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం చేయాలనుకుంటే ఇది చిన్న విషయం కాదు. B పర్మిట్ (నివాస అనుమతి) మీద వచ్చినవారి భార్యకో భర్తకో కూడా పని చేసుకునే హక్కు ఉంది. ఆ హక్కు వాడుకోవాలంటే పిల్లల్ని చూసే చోటు కావాలి, ఇంగ్లీషుతో నడిచే ఆఫీసులు కావాలి. రెండూ బెర్న్‌లోనే ఎక్కువ. నాటర్స్‌లో పదకొండున్నరకి తలుపు తీసే మనిషి నేనే. ఆ రెండు గంటలు నాకు ఇష్టం. వేడి వేడి పప్పన్నం పెడుతుంటే బడి కబుర్లన్నీ అప్పుడే బయటికి వస్తాయి, సాయంత్రానికి సగం మర్చిపోతారు. కానీ ఆ ఇష్టానికి నా ఉద్యోగం ఐదేళ్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇది దాచి, చిన్న ఊరు బంగారమని చెప్పడం నాకు ఇష్టం లేదు.

భాష దగ్గర నాకు పెద్ద దెబ్బే తగిలింది. బెర్న్‌లో రెండేళ్లూ ఇంగ్లీషుతో నెట్టుకొచ్చాను. జర్మన్ క్లాసుకి వెళ్లి A2, అంటే రెండో మెట్టు పాసయ్యాను, వచ్చేసిందనుకున్నాను. ఇక్కడికి వచ్చాక ఒక క్లినిక్‌కి ఫోన్ చేస్తే అవతలి ఆవిడ మాట్లాడిన దాంట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫిస్ప్, బ్రిగ్ ఉన్న కంటోన్ (మన రాష్ట్రం లాంటిది) పేరు వాలిస్, ఇది ఆ వాలిస్ యాస. బెర్న్‌వాళ్లకే సరిగ్గా అర్థం కాదు. పలకరింపే వేరు. అక్కడ "గ్రూయెస్సెఖ్", ఇక్కడ "టాగ్‌వోల్". నెమ్మదిగా చెప్పమని అడగడానికి కూడా మాట రాలేదు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. అలా నాలుగు చోట్ల అడిగితే, కొత్త పేషెంట్లను తీసుకోవడం లేదన్నారు. ఐదో చోట దొరికింది. అందుకే ఇల్లు దొరికిన వారంలోనే ఫ్యామిలీ డాక్టర్ కోసం వెతకడం మొదలుపెట్టండి, జ్వరం వచ్చేదాకా ఆగొద్దు.

కానీ ఆ దెబ్బే నన్ను నిలబెట్టింది. ఇక్కడ ఇంగ్లీషు పెద్దగా నడవదు కాబట్టి జర్మన్ నేర్చుకోక తప్పలేదు. మనవాళ్లకి C పర్మిట్, అంటే శాశ్వత నివాసం, మామూలుగా పదేళ్లకి వస్తుంది. మాట్లాడటంలో B1, రాయడంలో A1 చూపిస్తే ఐదేళ్లకే అడగొచ్చు. బెర్న్‌లో నాతోపాటు క్లాసులో ఉన్న స్నేహితురాలు ఇంకా A2 దగ్గరే ఉంది. ఆవిడ తెలివితక్కువదై కాదు, అవసరం పడలేదు అంతే. పిల్లలైతే బడిలో పుస్తకాల జర్మన్, ఆటస్థలంలో యాస, ఇంట్లో తెలుగు, మూడూ కలవకుండా మాట్లాడేస్తున్నారు.

వాతావరణం గురించి ఇక్కడికి రాకముందు నేను అసలు ఆలోచించలేదు. కొండల్లో అంటే చలి, మంచు ఎక్కువ అనుకుంటాం. ఫిస్ప్ చుట్టుపక్కల స్విట్జర్లాండ్‌లోకెల్లా వాన తక్కువ పడే చోట్లలో ఒకటి. రెండు వైపులా ఎత్తైన కొండలు మేఘాల్ని ఆపేస్తాయి. బెర్న్‌లో నవంబరు, డిసెంబరు నెలల్లో పొగమంచు కప్పేస్తే రోజుల తరబడి సూర్యుడు కనపడడు. ఆ రెండు చలికాలాలు నా మనసు ఎంత దిగాలుగా ఉండేదో నాకే తెలుసు. మా ఆయన సొరంగంలో దిగి అవతల తేలేసరికి ఎండ! అక్కడి నుంచి ఫోటో పంపేవారు. మేం మారడానికి అది కూడా ఒక కారణమే.

సరుకులు, గుడి విషయంలో బెర్న్‌దే పైచేయి. శ్రీలంక తమిళులు వేల సంఖ్యలో స్థిరపడిన దేశం కాబట్టి కరివేపాకు, ములక్కాడలు, ఇడ్లీ రవ్వ అన్నీ అక్కడి తమిళ దుకాణాల్లో దొరుకుతాయి. యూరోపాప్లాట్స్‌లో 2014లో తెరిచిన హౌస్ డెర్ రెలిగియోనెన్ ఉంది. ఒకే కప్పు కింద మసీదు, చర్చి, బౌద్ధులకి చోటు, హిందూ గుడి. తమిళులు కట్టుకున్న శివుడి గుడి అది. దండం పెట్టుకుని కళ్లు మూసుకుంటే గంట, కర్పూరం వాసన, ఇంటి దగ్గరున్నట్టే ఉంటుంది. ఇప్పుడు మేం నెలకోసారి రైలెక్కి వెళ్లి, దర్శనం చేసుకుని సంచులు నింపుకుని వస్తాం. ఆరేళ్లలోపు పిల్లలకి టికెట్ లేదు, పదహారు లోపువాళ్లకి ఏడాదికి 30 ఫ్రాంకుల జూనియర్ కార్డు ఉంటే అమ్మానాన్నలతో ఎక్కడికైనా తిరగొచ్చు.

అయితే బ్రిగ్‌కి దాని సొంత రుచి ఉంది. సింప్లోన్ సొరంగం దాటితే ఇటలీ. అరగంటలో డోమొడోసోలా, శనివారం సంత. అక్కడి వంకాయలతో గుత్తివంకాయ చేస్తే నూనెలో అలా కరిగిపోతుంది. నాటర్స్ పైనున్న ముండ్ అనే పల్లెలో కుంకుమపువ్వు పండిస్తారని ఎంతమందికి తెలుసు? కింది వాటాలో ఉండే పెద్దావిడ ఒక అక్టోబరు సాయంత్రం తలుపు తట్టి, మడత పెట్టిన కాగితం చేతిలో పెట్టింది. విప్పితే పది పన్నెండు ఎర్రటి కేసరాలు. ఆ దీపావళికి పాయసంలో అవే వేశాను, గిన్నెడు ఆవిడకి పట్టుకెళ్లాను. బదులుగా కొలేరా వచ్చింది. పేరు విని కంగారు పడకండి, బంగాళదుంప, లీక్ (ఉల్లికాడల్లాంటిది), యాపిల్, చీజ్ పెట్టి కాల్చే ఇక్కడి పై. కలరా రోజుల్లో బయటికి వెళ్లలేక ఇంట్లో ఉన్నవాటితో చేసుకున్నారని చెప్తారు. మాంసం లేకుండా చేస్తారు కాబట్టి మా అత్తయ్య కూడా తిన్నారు.

బెర్న్‌లో రెండేళ్లలో పక్కవాళ్లింటి గడప తొక్కలేదు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, అక్కడ అందరికీ హడావిడి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. బెర్న్ కంటోన్ పన్నులు దేశంలో ఎక్కువ ఉండేవాటిలో ఒకటి. పిల్లలకి నెలనెలా ఇచ్చే భత్యం వాలిస్‌లో ఎక్కువ. మాకు ఇక్కడ ఒక గది ఎక్కువ దొరికింది, అద్దె తగ్గింది. బెర్న్‌లో ఉంటే రోజూ తిరగడానికి దేశమంతా చెల్లే GA పాస్ కావాలి, 2024లో రెండో తరగతిది 3,995 ఫ్రాంకులు. ఇంకోటి, తర్వాత మారుదాంలే అనుకుని ఏదో ఒకటి తీసుకోకండి. మనలాంటి యూరప్ బయటివాళ్లు ఒక కంటోన్ నుంచి మరో దానికి మారాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మేం ఆ కాగితాల టెన్షన్ పడ్డాం.

కొండల పక్కన బతుకుతూ కొండలకి భయపడకుండా ఉండలేం. 1993 సెప్టెంబరులో సాల్టీనా వాగు పొంగి బ్రిగ్ ఊరంతా రాళ్లూ బురదా నింపింది. తర్వాత అక్కడ కట్టిన వంతెన నీరు పెరిగితే తానే పైకి లేస్తుంది. 2025 మే 28న లెచెన్‌తాల్ లోయలో హిమానీనదం కూలి బ్లాటెన్ పల్లె దాదాపు మొత్తం కప్పుకుపోయింది. మూడు వందల మందిని తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించబట్టి ప్రాణనష్టం పెద్దగా జరగలేదు. అయినా ఒకరు పోయారు. టీవీలో ఆ పేరు విని విజయవాడ నుంచి అమ్మ వణుకుతూ ఫోన్ చేసింది, ఎందుకంటే మా నాటర్స్ పైన కూడా బ్లాటెన్ అనే పల్లె ఉంది, వచ్చినప్పుడు తీసుకెళ్లాం. అది వేరమ్మా అని నచ్చజెప్పేసరికి గంట పట్టింది. ఆ రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. ఇల్లు చూసేటప్పుడు ఊరి ఆఫీసులో ప్రమాద పటం అడగండి, ఏ స్థలం ఎరుపులో ఉందో చూపిస్తారు.

మరి ఏది మేలు? పిల్లలు ఎనిమిదేళ్ల లోపువాళ్లై, ఒకరు కొన్నాళ్లు ఇంటి పట్టున ఉండటానికి మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, రెండో ఆలోచన లేకుండా బ్రిగ్ వైపు రండి. ఇద్దరూ ఉద్యోగం చేయాల్సిందే అనుకుంటే బెర్న్, ప్రయాణం భారం ఒకరు మోయాలి. పిల్లలకి పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చాక వస్తుంటే కూడా బెర్న్ చూడమంటాను. ఆ వయసులో జర్మన్ రాకుండా ఇక్కడి బడిలో పడితే చదువు దారే మారిపోవచ్చు. బెర్న్ దగ్గర ఇంగ్లీషు బడి ఉంది, ఫీజు మాత్రం చాలా ఎక్కువ, కంపెనీ ఎంత భరిస్తుందో ఆఫర్ లెటర్ మీద సంతకం చేయకముందే అడగండి. చిన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగిన పిల్లలకి ఆ బెంగ లేదు. బ్రిగ్‌లో 1662 నుంచి ఉన్న కొల్లేగియుమ్ అనే హైస్కూల్లో యూనివర్సిటీకి వెళ్లేదాకా చదువుకోవచ్చు, మా పెద్దమ్మాయి చూపు ఇప్పుడు దాని మీదే ఉంది.

బ్రిగ్ వైపే అనుకుంటే, ఇల్లు చూడటానికి డిసెంబరులో మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి. ఈ లోయలో ఒకవైపు ఎండ, ఒకవైపు నీడ. వేసవిలో ఆ తేడా తెలియదు. వంటింటి కిటికీలోంచి ఎండ లోపల ఎంత దూరం వచ్చిందో చూసి, అప్పుడు అద్దె సంగతి మాట్లాడండి.