కాంట్రా, మెటల్ స్లగ్, కప్‌హెడ్: ఇద్దరు కూర్చుని ఆడాలంటే ఏది మేలు?

ఎండాకాలం సెలవులు మొదలయ్యాయంటే బెజవాడ, గుంటూరు కుర్రాళ్ల మధ్య ఒక ప్రశ్న తిరుగుతుంటుంది: "అన్నా, కాంట్రా లాంటిది ఇప్పుడేమన్నా ఉందా? నేనూ మా తమ్ముడూ కలిసి ఆడాలి." న్యాయమైన ప్రశ్నే. పొద్దున పదకొండు దాటాక బెంజి సర్కిల్లో నిలబడలేని రోజుల్లో, ఇంట్లో ఫ్యాన్ కింద ఇద్దరికీ పని చెప్పే ఆట ఒకటుండాలి. జవాబులే తిన్నగా ఉండవు. ఒకడు మెటల్ స్లగ్ అంటాడు, ఇంకొకడు కప్‌హెడ్ అంటాడు, మూడోవాడు కాంట్రా ముందు ఏదీ నిలవదని పోట్లాటకొస్తాడు. ఎందుకని అడిగితే "ఆడి చూడు, నీకే తెలుస్తుంది" అంటారు. డబ్బులు పెట్టి కొన్నాక తెలిస్తే ఏం లాభం?

నా కొలత ఒకటుంది. పరుగెత్తుతూ కాల్చుకుంటూ పోయే ఈ ఆటల్లో చావు ఖాయం. చాలావాటిలో ఒక్క బుల్లెట్ తగిలితే ప్రాణం పోయినట్టే. కాబట్టి బొమ్మలు బాగున్నాయా, మ్యూజిక్ బాగుందా అనేది తర్వాత చూసుకుందాం. చచ్చినప్పుడు ఆట మన దగ్గర్నుంచి ఏం లాక్కుంటోంది, అప్పుడు పక్కన కూర్చున్నవాడి పరిస్థితేంటి? ఈ రెండూ చూస్తే ఏ ఇంటికి ఏ ఆటో తేలిపోతుంది.

కాంట్రాతో మొదలుపెడదాం, మనకది చుట్టం లాంటిది. కోనామి దీన్ని 1987లో ఆర్కేడ్ మెషిన్‌గా తెచ్చింది. ఇళ్లకు చేరింది మాత్రం నింటెండో వాళ్ల టీవీ ఆటల పెట్టెలైన ఫ్యామికామ్, ఎన్ఈఎస్‌ల కోసం 1988లో వచ్చిన వెర్షన్. మనవాళ్లకు ఆ పేర్లేవీ తెలియవు. దాన్ని టీవీ వీడియో గేమ్ అనేవాళ్లం, అంతే. క్యాసెట్ మీద వేల ఆటలున్నట్టు అంకె వేసి ఉండేది, లోపల చూస్తే ఆ పదో పాతికో ఆటలే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ కనపడేవి. అందులో కాంట్రా ఉందా లేదా అన్నదే క్యాసెట్ విలువ.

కాంట్రాలో చస్తే ప్రాణంతో పాటు గన్ను కూడా పోతుంది. అసలు దెబ్బ అక్కడుంది. ఎస్ గన్ చేతిలో ఉంటే ఒక్క నొక్కుకి ఐదు బుల్లెట్లు విచ్చుకుంటూ వెళ్తాయి, స్క్రీన్ మొత్తం మనదే. అది పోగానే మళ్లీ ఆ మామూలు తుపాకీ. దాంతో అదే చోట నిలబడి బతకడం కష్టం కాబట్టి రెండో ప్రాణం వెంటనే పోతుంది, దాని వెనకే మూడోది. కంటిన్యూ కొడితే స్టేజీ మొదటికి వెళ్తాం, అది కూడా మూడుసార్లే. అందుకే ఆ 30 ప్రాణాల కోడ్ కంఠతా వచ్చేది: పైకి రెండు, కిందకి రెండు, ఎడమ కుడి, ఎడమ కుడి, బీ, ఏ. ఈ కోడ్ కాంట్రా కోసం పుట్టింది కాదు. 1986లో గ్రేడియస్ అనే ఆటను ఫ్యామికామ్‌కి మారుస్తున్న కజుహిసా హషిమోటో, పరీక్షించడానికి ఆట మరీ కష్టంగా ఉందని తన కోసం పెట్టుకున్న తాళం చెవి అది. చేసినవాడికే కష్టమైందంటే మనం సిగ్గుపడాల్సిన పని లేదు.

కోడ్ కొట్టి గెలవడం గెలుపే కాదనే పెద్దమనుషులున్నారు. ఒంటరిగా ఆడేటప్పుడు వాళ్ల మాట వినొచ్చు. ఇద్దరు ఆడేటప్పుడు మాత్రం కోడ్ కొట్టండి. కారణం మూడో స్టేజీ, ఆ జలపాతం. అక్కడ రాళ్ల మీద నుంచి రాళ్ల మీదకి దూకుతూ పైకి ఎక్కాలి. పైనున్నవాడు ఎక్కేకొద్దీ స్క్రీన్ వాడితో పాటు పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు అంచు దాటిపోతే చచ్చిపోతాడు. శత్రువు అక్కర్లేదు, తొందరపడే అన్న ఒక్కడు చాలు. "ఆగరా, నేనింకా ఎక్కలా" అన్న కేక వినపడని ఇల్లు ఉండేది కాదు. ఇద్దరిలో ఒకడు బాగా ఆడి రెండోవాడు తడబడుతుంటే, కాంట్రా ఆ తేడాను తగ్గించదు, పెంచుతుంది. సమానంగా ఆడే ఇద్దరికైతే దీన్ని మించింది లేదు.

ఇప్పుడు కొనాలంటే 2019లో వచ్చిన కాంట్రా యానివర్సరీ కలెక్షన్‌లో పాతవి చాలావరకు ఒకేచోట దొరుకుతాయి, మధ్యలో సేవ్ చేసుకోవచ్చు. అందులో 1994 నాటి హార్డ్ కోర్ అనే కాంట్రా ఆట కూడా ఉంది. దానిలో దారులు చీలతాయి, నలుగురిలో నచ్చినవాణ్ని ఎంచుకోవచ్చు, కష్టం మాత్రం పళ్లు రాలగొడుతుంది. 2024లో వేఫార్వర్డ్ వాళ్లు చేసిన ఆపరేషన్ గాలుగా మొదటి కాంట్రాకి కొత్త రూపం. డబుల్ జంప్, డ్యాష్ ఉన్నాయి. చెయ్యి హాయిగా తిరుగుతుంది కానీ బొమ్మల్లో ప్రాణం లేదు. సేల్‌లో పడితే తీసుకోండి.

ఇక మెటల్ స్లగ్. బ్రాడీపేట, గవర్నర్‌పేట లాంటి చోట్ల వీడియో గేమ్ షాపులు నడిచిన కాలంలో పెరిగినవాళ్లకు దీని గొంతు గుర్తుండే ఉంటుంది. హెచ్ అక్షరం తియ్యగానే "హెవీ మెషిన్ గన్" అని మెషిన్ అరిచేది. (గుంపు ముస్తఫా దగ్గరే ఎక్కువ ఉండేదనుకోండి, అది కొట్టుడు ఆట, ఇక్కడి లెక్కలోకి రాదు.) 1996లో నజ్కా అనే చిన్న కంపెనీ దీన్ని ఎస్ఎన్‌కే వాళ్ల నియో జియో మెషిన్ కోసం చేసింది. అందులో పనిచేసినవాళ్లు అంతకుముందు ఐరెమ్ అనే ఇంకో ఆటల కంపెనీలో ఉన్నవాళ్లు. అప్పటికే ప్రపంచం త్రీడీ వైపు పరుగెడుతోంది. వీళ్లు మాత్రం కూర్చుని ఒక్కో చుక్కా పెట్టి సైనికుడి ప్యాంటు మడతలు గీశారు.

ఆ గీతలో ఉన్న హాస్యం వల్లే ఇది ఇద్దరి ఆట దాటి నలుగురు చూసే ఆట అయింది. శత్రు సైనికులు మనల్ని చూడకముందు కబుర్లు చెప్పుకుంటుంటారు, చూడగానే చేతులెత్తి కేక పెట్టి పారిపోతారు. గడ్డాలు పెరిగిన ఖైదీల కట్లు విప్పితే చెడ్డీలోంచి గన్ను తీసి ఇచ్చి, సెల్యూట్ కొట్టి పోతారు. రెండో భాగంలో ఎక్కువ తింటే మన హీరో లావెక్కుతాడు, మమ్మీల ఊపిరి తగిలితే తనే మమ్మీ అయిపోతాడు. 2000లో వచ్చిన మూడో భాగంలో జాంబీగా మారితే గ్రెనేడ్ బటన్‌కి నోట్లోంచి స్క్రీన్ పట్టేంత రక్తం కక్కుతాడు. ప్యాడ్ చేతిలో లేనివాడు కూడా అక్కడ్నించి లేవడు.

చస్తే ఏం పోతుంది? కాంట్రాలో లాగే గన్ను పోయి పిస్తోలు వస్తుంది, అప్పటిదాకా విడిపించిన ఖైదీల లెక్క సున్నా అవుతుంది. అంతే. గ్రెనేడ్లు మళ్లీ 10 ఇస్తాడు, చచ్చినచోటే లేచి నిలబడతాం. ప్రాణాలన్నీ అయిపోయినా కాయిన్ వేస్తే అక్కడి నుంచే కొనసాగుతుంది. వెనకబడినవాణ్ని చంపే జలపాతాలు లేవు, ఒకరి బుల్లెట్ ఇంకొకరికి తగలదు. తొమ్మిదేళ్ల చెల్లెలు, ఇంజనీరింగ్ చదివే అన్న పక్కపక్కన కూర్చుని చివరిదాకా పోగలిగే ఆట ఈ మూడింటిలో ఇదొక్కటే. గొడవ వచ్చేది ట్యాంకు దగ్గరే. ఎస్‌వీ-001 అనే ఆ పొట్టి ట్యాంకులోకి ఒక్కడే ఎక్కగలడు, రెండోవాడు పక్కన నడవాలి. వంతులు ముందే మాట్లాడుకోండి.

కానీ ఇక్కడే దీని మీద వచ్చే పెద్ద ఫిర్యాదు కూడా ఉంది: "గంటలో అయిపోయింది అన్నా, డబ్బులు దండగ." నిజమే, బటన్ నొక్కుతూ పోతే గంటలో అయిపోతుంది. ఎందుకంటే ఇది జేబులో చిల్లర తినడానికి తయారైన ఆట. షాపులో కాయిన్ అంటే అమ్మనడిగి తెచ్చుకున్న డబ్బులు, అందుకే ప్రతి బుల్లెట్‌కీ గుండె దడదడలాడేది. ఇంట్లో కాయిన్ అంటే ఒక బటన్. ఆట మారలేదు, భయం పోయింది. కాబట్టి భయాన్ని మనమే తెచ్చుకోవాలి: ఒక్కొక్కరికి మూడు కాయిన్లు, అవి అయిపోతే ఆట మొదటికి. ఈ నియమం పెట్టుకున్నాక మెటల్ స్లగ్ ఒక సాయంత్రంలో అయిపోయేది కాదు, సెలవులన్నీ పడుతుంది. ఎక్కడ గన్ను దొరుకుతుందో, ఏ ఖైదీ ఎక్కడ దాక్కున్నాడో అప్పుడుగానీ కళ్లకు కనపడవు.

సిరీస్‌లో ఏది కొనాలంటే, మెటల్ స్లగ్ ఎక్స్. 1998 నాటి రెండో భాగం మంచి ఆటే, కాకపోతే స్క్రీన్ మీద శత్రువులు పెరిగేసరికి బండిలా నెమ్మదిస్తుంది. మరుసటి ఏడు ఆ నత్తనడకని సరిచేసి, శత్రువుల చోట్లు మార్చి తెచ్చిందే ఎక్స్. చాలామంది మూడోదే గొప్పదంటారు, అందులో దారులు చీలతాయి కాబట్టి కాదనలేను. అయితే దాని చివరి మిషన్ అంతరిక్షం దాకా లాగుతుంది, మూడు కాయిన్ల నియమంతో కొత్తవాళ్లు అక్కడ నలిగిపోతారు. ఎక్స్ ఆడాక మూడుకి వెళ్లండి.

కప్‌హెడ్ విషయంలో ముందు ఒక హెచ్చరిక. బొమ్మలు చూసి పిల్లల ఆటనుకుని ఏడేళ్ల పిల్లాడికి కొనిచ్చే తల్లిదండ్రులున్నారు. ఆ పిల్లాడు ఏడుస్తాడు. కెనడాకి చెందిన చాడ్, జేరెడ్ మోల్డెన్‌హవర్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టి 2017 సెప్టెంబరులో విడుదల చేసిన ఈ ఆట 1930ల నాటి కార్టూన్లలా కనపడుతుంది. ప్రతి కదలికా కాగితం మీద చేత్తో గీసిందే, వెనక వినపడే జాజ్ కూడా మనుషులు వాయించిందే. అందానికి వంక పెట్టలేం. కాకపోతే కాంట్రా లాంటిది కావాలని అడిగినవాడికి ఇది సరైన జవాబు కాదు. పరుగెత్తుతూ కాల్చే స్టేజీలు ఇందులో ఆరే. మిగతాదంతా బాసులతో, అంటే ఒక పట్టాన చావని పెద్ద శత్రువులతో కుస్తీ. మొదట్లో ఎదురయ్యే బాసు బంగాళదుంప, ఉల్లిపాయ, క్యారెట్. వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి "ఏందిరా, కూరగాయలతో కొట్లాడుతున్నారా?" అని నవ్వుతుంది, మనకి మాత్రం చెమటలు పడుతుంటాయి.

మామూలుగా మూడు దెబ్బలు తట్టుకుంటాం. చస్తే అన్నీ పోతాయి, బాసుతో మళ్లీ మొదటినుంచే. వినడానికి ఘోరంగా ఉన్నా ఒక్కో పోరు రెండు మూడు నిమిషాలే. చచ్చిన వెంటనే గీత గీసి ఎంత దూరం వచ్చామో చూపిస్తుంది, ఆ గీత చివర జెండా ఇంకొంచెమే ఉందని కనపడగానే వేలు దానంతటదే రీట్రై మీదికి పోతుంది. ప్రాణాల లెక్క లేదు, కాయిన్ల లెక్క లేదు, కోడ్ లేదు. తేలిక మోడ్ ఉందిగా అంటారేమో. అందులో గెలిచినా ఆ బాసు తన ఆత్మను రాసిచ్చిన కాంట్రాక్టు చేతికి రాదు, అవన్నీ పోగుకాకుండా చివరి లోకంలోకి గేటు తియ్యరు.

ఇద్దరితో ఆడితే బాసుకి బలం పెరుగుతుంది, స్క్రీన్ మీద ఎవరు ఎవరో అయోమయం. అయినా జంట ఆట అనే మాటకి సరిగ్గా సరిపోయే ముక్క ఒకటుంది. ఒకడు చస్తే వాడి ఆత్మ గులాబీ గుండెతో పైకి తేలుతూ పోతుంది, రెండోవాడు దూకి దాన్ని చరిస్తే ఒక్క ప్రాణంతో తిరిగొస్తాడు. బుల్లెట్ల మధ్యలోంచి తమ్ముడు దూకి కాపాడితే అప్పటిదాకా జరిగిన తగాదాలన్నీ మాఫీ. సమానంగా ఆడే, మొండితనం ఉన్న ఇద్దరికి ఇది ఇవ్వండి. చేతకానివాణ్ని పక్కన కూర్చోబెట్టుకుంటే వాడి ఆత్మ వెంట పరుగులే మిగులుతాయి. ఫోన్‌లో కప్‌హెడ్ అని కనపడేవి అసలువి కావు, దీనికి ఆండ్రాయిడ్ వెర్షన్ లేదు.

మిగతావాటిలో మూడు. అచ్చంగా కాంట్రానే కావాలి, కొత్తదై ఉండాలి అనేవాడికి బ్రెజిల్ వాళ్లు 2019లో చేసిన బ్లేజింగ్ క్రోమ్ చెప్పండి, మారు మాట్లాడడు. నలుగురు చేరి నవ్వుకోవడానికి దక్షిణాఫ్రికా వాళ్ల బ్రోఫోర్స్. నేలా గోడా అన్నీ పగులుతాయి కాబట్టి మనవాడు పేల్చిన బాంబుకి మన కాళ్లకింద నేల కూలడం మామూలే. పాత సెగా రోజులు తెలిసినవాళ్లకు 1993 నాటి గన్‌స్టార్ హీరోస్. నాలుగు రకాల గన్నుల్లో రెండేసి కలుపుకోవచ్చు, ఒక్క దెబ్బకి చావం, పైగా పక్కవాణ్ని పట్టుకుని విసరొచ్చు.

ఏది కొన్నా ఒకే కీబోర్డు మీద ఇద్దరు ఆడే ప్రయత్నం చెయ్యకండి. చాలా మామూలు కీబోర్డులు ఒకేసారి నొక్కిన నాలుగైదు కీలను పట్టుకోలేవు, దూకినవాడు కాల్చలేడు, కాల్చినవాడు దూకలేడు. ఫోన్ స్క్రీన్ మీద వేలితో మెటల్ స్లగ్ ఆడితే మన వేలే శత్రువుని కప్పేస్తుంది. చవకరకం యూఎస్‌బీ ప్యాడ్లు రెండు చాలు, కాకపోతే రెండూ ఒకే రకానివి తీసుకోండి. వేరువేరువి కొంటే ఓడినవాడు ప్రతిసారీ తప్పు ప్యాడ్ మీదికి తోస్తాడు.