ఏది పాతది, ఏది అతికించింది: రోమ్‌లో పలాట్సో అల్తెంప్స్

రోమ్ వెళ్లినవాళ్లు పియాట్సా నవోనాలో ఫౌంటెన్ల ముందు ఫొటోలు దిగుతారు కానీ, అక్కడికి కొద్ది నిమిషాల నడకలోనే ఉన్న పలాట్సో అల్తెంప్స్‌లోకి చాలామంది తొంగి కూడా చూడరు. పాలరాతి విగ్రహాలంటే ఏ కాస్త ఇష్టం ఉన్నా ఈ మ్యూజియాన్ని వదులుకోకండి. నేను డ్రాయింగ్ నేర్పిస్తాను, విగ్రహాల ముందు కూర్చుని గీయడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఒక విగ్రహంలో ఏది ప్రాచీనం, ఏది తర్వాత ఎవరో చేసి పెట్టిందో ఇంత నిజాయితీగా చెప్పే చోటు నాకు ఇంకెక్కడా కనిపించలేదు.

ఇక్కడున్న వాటిలో ముఖ్యమైనవి లుడోవీసి కుటుంబం సేకరించినవి. 1621లో పోప్ అయిన పదిహేనో గ్రెగరీ సోదరుడి కొడుకు, కార్డినల్ లుడోవికో వాటిని పోగుచేశాడు. తవ్వకాల్లో దొరికిన విగ్రహానికి తల లేకపోతేనో, చేతులు విరిగి ఉంటేనో అలాగే నిలబెట్టడం ఆ కాలపు ప్రభువులకు నచ్చేది కాదు. శిల్పిని పిలిపించి కొత్తవి చెక్కించేవాళ్లు. బెర్నీని, అల్గార్ది లాంటి ఆ కాలపు పేరున్న శిల్పులు కూడా ఈ పని చేశారు. 1901లో ఇటలీ ప్రభుత్వం వాటిలో 104 శిల్పాలను కొన్నది. 1997లో ఈ భవనం మ్యూజియంగా తెరుచుకుంది.

నేను ఎక్కువసేపు ఉండిపోయింది గ్రీకుల ప్రేమదేవత అఫ్రోడైటీ దగ్గర. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో ప్రాక్సిటెలీస్ అనే గ్రీకు శిల్పి క్నిడోస్ నగరం కోసం చెక్కిన దేవతకు ఇది రోమన్లు చేసిన పాలరాతి నకలు. స్నానానికి సిద్ధమవుతూ బట్ట పక్కన పెడుతున్న భంగిమ. దూరం నుంచి చూస్తే ఎక్కడా లోటు కనిపించదు. దగ్గరికెళ్లి పక్కనున్న బోర్డు మీది రేఖాచిత్రం చూస్తే గుండె ఝల్లుమంటుంది. పాతది మొండెం, తొడలు మాత్రమే! తల, చేతులు, కాళ్లు, పక్కనున్న బట్ట అన్నీ 17వ శతాబ్దంలో ఇప్పోలితో బుట్సి అనే శిల్పి చేసి అతికించినవే.

ఆ బొమ్మ చూశాక మళ్లీ విగ్రహం వైపు తిరిగితే కళ్లు వేరేలా పనిచేస్తాయి. పెన్సిల్‌తో మెడ గీత దించుతుంటే నాకు తేడా చేతికి తెలిసింది. పొట్ట దగ్గర, నడుము మలుపులో రాయి ఒంటి చర్మంలా మెత్తగా వంగుతుంది, వెలుతురు ఎక్కడ ఆగి ఎక్కడ జారుతుందో చెప్పలేం. ముఖానికి వచ్చేసరికి అన్నీ గీసినట్టు కచ్చితంగా ఉంటాయి. బుట్సి పనిమంతుడే, కానీ ఆ తలకూ ఆ ఒంటికీ ఒకే ఊపిరి లేదని నా అభిప్రాయం.

అప్పటి పద్ధతి కాస్త మొరటుది. విరిగిన చోటు ఎగుడుదిగుడుగా ఉంటే కొత్త ముక్క సరిగా కూర్చోదని, పాత రాయినే చదునుగా చెక్కేసేవాళ్లు. రెండువైపులా రంధ్రాలు చేసి ఇనుప కడ్డీ దింపి, కరిగించిన సీసం పోసేవాళ్లు. ఇనుముకు తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బితే పాలరాయిని లోపలినుంచి పగలగొడుతుంది. అందుకే ఇప్పటి నిపుణులు తుప్పు పట్టని స్టీలో టైటానియమో వాడతారు, అవసరమైతే మళ్లీ ఊడదీసేలా అతికిస్తారు.

మరి ఆ 17వ శతాబ్దపు చేతులూ తలా తీసెయ్యొచ్చు కదా అంటారా? జర్మనీలోని మ్యూనిక్‌లో అలాగే చేశారు. గ్రీస్‌లోని ఈజైనా దీవి గుడి శిల్పాలకు థోర్వాల్డ్‌సెన్ అనే శిల్పి పెట్టిన భాగాలను 1960లలో తొలగించారు. ఇక్కడ ఉంచారు, ఉంచి ఎవరి పని ఏదో చెప్పారు. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. బుట్సి చెయ్యి పడి కూడా 400 ఏళ్లయింది, అదీ చరిత్రే. పైగా తీసేసినా, అతికించడానికి అప్పుడు చదును చేసిన రాయి తిరిగి రాదు.

గ్రీకుల యుద్ధదేవుడు ఆరీస్ విగ్రహాన్ని 1622లో బెర్నీని బాగుచేశాడు. కత్తి పిడి, కుడి పాదం ఆయనవే. పిడి మీద చెక్కిన వికృతమైన ముఖాన్ని వంగి చూడండి. రోమన్ దేవత జూనో పేరుతో పిలిచే బ్రహ్మాండమైన తల కూడా ఇక్కడే ఉంది. జర్మన్ కవి గెటే దాని నకలును రోమ్‌లో తన గదిలో పెట్టుకున్నాడు. అది దేవత కాదని, క్లాడియస్ చక్రవర్తి తల్లి ఆంటోనియా అని తర్వాతి పండితులు గుర్తుపట్టారు.

టైమ్ తక్కువుంటే మిగతావి వదిలేసినా, భార్యను చంపి తనను తాను పొడుచుకుంటున్న గాల్ తెగ వీరుడి విగ్రహం దగ్గరికి మాత్రం తప్పకుండా వెళ్లండి. అందరూ అతని కత్తినే చూస్తారు. మీరు ఆమె వైపుకు వచ్చి నిలబడండి. మోకాళ్లు మడతపడి జారిపోతున్న ఆ ఒంటిని అతని ఎడమ చెయ్యి ఒక్కటే ఆపుతోంది.

సోమవారం సెలవు. ఇది మ్యూజియో నాట్సియోనాలే రొమానో అనే జాతీయ మ్యూజియంలో ఒక శాఖ, మిగతా శాఖలు కూడా చూడాలనుకుంటే అన్నిటికీ కలిపి ఒకే టికెట్ తీసుకోవచ్చు. స్కెచ్ బుక్, పెన్సిల్ పట్టుకెళ్లండి. రెండు గంటలైనా చేతిలో ఉంచుకోండి.