యాంటెన్నా లైట్నింగ్ అరెస్టర్: పెట్టెలో వచ్చేది సగం రక్షణే

ఇంటిపై యాంటెన్నా నిలిపి రేడియో నడిపేవారి కోసం అమ్మే, మెరుపుల వల్ల కేబుల్‌లోకి వచ్చే విద్యుత్తును నేలలోకి మళ్లించే గ్యాస్ ట్యూబ్ లైట్నింగ్ అరెస్టర్‌ను రెండు వానాకాలాల పాటు వాడిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. అరచేతిలో ఇమిడే లోహపు దిమ్మె, దానికి రెండు వైపులా కేబుల్ బిగించే ఎన్ రకం కనెక్టర్లు, పక్కన ఎర్త్ తీగ బిగించడానికి ఒక బోల్టు, మూత విప్పితే లోపల మార్చుకోదగిన చిన్న గ్యాస్ ట్యూబ్: వస్తువంటే ఇంతే. తయారీలో వంక పెట్టడానికి ఏమీ లేదు. దీనిని కేబుల్ మధ్యలో పెట్టినందువల్ల రిసెప్షన్ తగ్గినట్టు నాకు ఎన్నడూ అనిపించలేదు.

పని చేసే తీరు సులభమైనదే. మామూలు వేళల్లో ట్యూబ్‌లోని వాయువు విద్యుత్తును పోనివ్వదు. కేబుల్ నడిమి తీగ మీద వోల్టేజీ ఒక హద్దు దాటగానే ఆ వాయువు అయనీకరణం చెంది వాహకంగా మారి, వచ్చిన పోటును, అంటే ఒక్కసారిగా ఎగసిన విద్యుత్తును, దిమ్మె మీదుగా ఎర్త్‌లోకి మళ్లిస్తుంది. ఆ హద్దు ఎంత ఉండాలన్న దగ్గరే నేను మొదట దెబ్బతిన్నాను. నా పెట్టెలో వచ్చినది 90 వోల్టుల ట్యూబ్. 100 వాట్ల ట్రాన్స్‌మిటర్ 50 ఓమ్‌ల కేబుల్‌లోకి పూర్తి శక్తితో పంపుతున్నప్పుడు వోల్టేజీ శిఖరం 100 వోల్టులకు చేరుతుంది. యాంటెన్నా సరిగా కుదరక ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా కేబుల్‌కు ఎంత కుదరలేదో చెప్పే కొలత; 1 ఉంటే పూర్తిగా కుదిరినట్టు) 3 దాకా పెరిగితే అది 170 దాటుతుంది. అంటే పిడుగు కోసం పెట్టిన ట్యూబ్ నా మాటలకే వెలగసాగింది. పవర్ పెంచినప్పుడల్లా ఎస్‌డబ్ల్యూఆర్ ఎందుకు ఎగబాకుతోందో తెలియక, తప్పు కేబుల్‌దేనని రెండు సాయంత్రాలు కనెక్టర్లన్నీ విప్పి మళ్లీ సోల్డరింగ్ చేశాను. 230 వోల్టుల ట్యూబ్ వేయగానే సమస్య తీరిపోయింది. వినడానికే రేడియో పెట్టుకున్నవారికి 90 వోల్టులదే మేలు, కానీ ఈ తేడాను చెప్పే వాక్యం ఒక్కటీ పెట్టెతో వచ్చిన కాగితంలో లేదు.

ఇంతకన్నా పెద్ద లోపం ఎర్త్ తీగలో ఉంది. దిమ్మెతో పాటు సుమారు మూడు మీటర్ల సన్నని పచ్చ తీగను చుట్ట చుట్టి ఇచ్చారు. తిన్నని తీగకు మీటరుకు దాదాపు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్, అంటే ప్రవాహం వేగంగా మారడాన్ని అడ్డుకునే గుణం, ఉంటుంది. మెరుపు ప్రవాహం మైక్రోసెకనుకు 10 కిలోయాంపియర్ల వేగంతో పెరుగుతుందనుకుంటే, ఒక్కొక్క మీటరు తీగ మీద 10,000 వోల్టులు నిలుస్తాయి. ఆ తీగను చుట్టగానే వదిలేస్తే ఇండక్టెన్స్ ఇంకా పెరుగుతుంది. అప్పుడు ట్యూబ్ ఎంత చురుకైనదైనా దిమ్మె మొత్తం ఆ వోల్టేజీకి లేస్తుంది, దానితో పాటు రేడియోకు వెళ్లే కేబుల్ కూడా లేస్తుంది. నేను ఆ తీగను పక్కన పడేసి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోటనే గోడ బయట అరెస్టర్‌ను బిగించి, వెడల్పాటి రాగి పట్టీతో, పదునైన వంపులు లేకుండా, కిందనే పాతిన ఎర్త్ రాడ్‌కు కలిపాను. ఆ రాడ్‌ను ఇంటి కరెంటు ఎర్త్‌తోనూ మందపాటి తీగతో జోడించాను. ఈ జోడింపు లేకపోతే, పోటు వచ్చిన క్షణాన రెండు ఎర్త్‌ల మధ్య తలెత్తే వోల్టేజీ రేడియో సెట్టు గుండానే దారి వెతుక్కుంటుంది, ఎందుకంటే సెట్టుకు ఒక వైపు యాంటెన్నా, మరో వైపు కరెంటు ప్లగ్గు ఉన్నాయి. ఈ ఎర్త్ పని తెలియనివారు దానిని ఎలక్ట్రీషియన్‌కు అప్పగించడమే మంచిది.

పెట్టె మీద ఉన్న "పిడుగు పడినా భయం లేదు" అన్న మాట నాకు నచ్చలేదు. ఈ ట్యూబ్ తట్టుకోగలదని చెప్పిన ప్రవాహం 10 కిలోయాంపియర్లు, అదీ 8/20 మైక్రోసెకన్ల పరీక్షా పోటుకు, అంటే 8 మైక్రోసెకన్లలో శిఖరానికి చేరి 20కల్లా సగానికి పడిపోయే పోటుకు. నేల మీద పడే పిడుగులో 30 కిలోయాంపియర్లు ఉండటం సాధారణం. కాబట్టి ఇది కాచేది దగ్గరలో ఎక్కడో పిడుగు పడినప్పుడు కేబుల్‌లో ప్రేరితమయ్యే పోటును, యాంటెన్నా మీద పోగుపడే స్థిర విద్యుత్తునే. అదీ సంపూర్ణంగా కాదు. పోటు చాలా వేగంగా లేచినప్పుడు 230 వోల్టుల ట్యూబ్ కూడా కొన్ని వందల వోల్టులు దాటాక గానీ వెలగదు. ఆ లోపల జారిపోయిన భాగం రిసీవర్ ముందరి ట్రాన్సిస్టర్లకు చాలు.

ట్యూబ్ ఇంకా బతికి ఉందో లేదో తెలిపే గుర్తు ఏదీ లేకపోవడం మరో లోటు. మల్టీమీటర్‌కు మంచి ట్యూబ్, వెలగడం మానేసిన ట్యూబ్ ఒకేలా కనిపిస్తాయి. అందుకే దగ్గరలో పిడుగు గట్టిగా పడిన ప్రతిసారీ నేను దానిని మార్చేస్తున్నాను. బయటి కనెక్టర్లకు నీరు దిగకుండా, తనకు తానే అతుక్కుపోయే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు నేనే చుట్టుకోవలసి వచ్చింది.

ఐదుకు మూడు మార్కులు వేస్తాను. మబ్బు పట్టే సూచన కనబడగానే, ఉరుము వినిపించక ముందే, కేబుల్ ఊడదీసి కొసను గోడ బయటే ఉంచే అలవాటు దీనిని కొన్నాక కూడా నేను మానలేదు; కరెంటు ప్లగ్గు కూడా తీసేస్తాను. మళ్లీ కొనవలసి వస్తే నడిమి తీగలో డీసీని అడ్డుకునే రకాన్ని ఎంచుకుంటాను, ఎందుకంటే మిగిలిన పోటును అది మరింత తగ్గిస్తుంది. యాంటెన్నా దగ్గర బలహీన సంకేతాన్ని పెంచే ప్రీయాంప్లిఫయర్‌కు అదే కేబుల్‌లో డీసీ కరెంటు పంపేవారికి మాత్రం అది పనికిరాదు, వారు నేను కొన్న రకమే తీసుకోవాలి.