ఎస్ఓపీ రాయడానికి గూగుల్ డాక్స్: ఏళ్లుగా వాడుతున్నవాళ్ల సమీక్ష

అనంతపురం, కడప, కర్నూలు ఇంజినీరింగ్ పిల్లల ఎస్ఓపీలు (విదేశీ యూనివర్సిటీకి దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ వ్యాసాలు) దిద్దడానికి నేను ఏళ్లుగా వాడుతున్నది గూగుల్ డాక్స్. డబ్బు కట్టి తీసుకునే రైటింగ్ టూల్స్ కూడా చూశాను. ఎస్ఓపీ పనికి అవి అక్కర్లేదు. డాక్స్‌లో నాకు పనికొచ్చినవి మూడు: వాయిస్ టైపింగ్ (మాట్లాడితే టైపు చేసేది), వెర్షన్ హిస్టరీ (పాత డ్రాఫ్టులు దాచి ఉంచేది), కామెంట్లు. స్పెల్లింగ్, గ్రామర్ చెక్ పరవాలేదు, అంతే.

అన్నిటికన్నా విలువైనది వాయిస్ టైపింగ్. కంప్యూటర్‌లో క్రోమ్ తెరిచి టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కండి. మైకు బొమ్మ పైన భాషను తెలుగుకి మార్చండి. ఫోన్‌లో అయితే జీబోర్డ్ (గూగుల్ కీబోర్డ్) మైకు చాలు. మీ ప్రాజెక్టు గురించి ఇంట్లో తమ్ముడికి చెప్పినట్టు పది నిమిషాలు ఆపకుండా మాట్లాడండి. నేరుగా ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చేతికి ముందొచ్చేది "ఫ్రమ్ మై చైల్డ్‌హుడ్ ఐ యామ్ ప్యాషనేట్" అనే వాక్యమే. తెలుగులో మాట్లాడేటప్పుడు అలాంటి మాట ఎవరి నోటా రాదు. జరిగింది జరిగినట్టు వస్తుంది.

ఒక ఉదాహరణ. శెనక్కాయ చేనుకి డ్రిప్ ఆటోమేషన్ ప్రాజెక్టు చేశారనుకోండి. నమూనా చూసి రాస్తే "ఐఓటీ ఆధారిత స్మార్ట్ ఇరిగేషన్ సిస్టమ్ రూపొందించాను, టీమ్‌వర్క్ నేర్చుకున్నాను" అని వస్తుంది. ఈ వాక్యం ఎవరి పేరు కిందైనా సరిపోతుంది, కాబట్టి మీకు ఒక్క మార్కు కూడా తేదు. అదే నోటితో చెప్పిస్తే ఇలా ఉంటుంది: "నేలలో తడి కొలిచే రెండు కడ్డీల సెన్సార్‌కి కరెంటు ఎప్పుడూ ఇచ్చే ఉంచాం. కొన్నాళ్లకే కడ్డీని తుప్పు తినేసింది. నేల తడిగా ఉన్నా పొడిగా చూపించి మోటారు ఆన్ చేసేసింది." అడ్మిషన్ కమిటీ చదవాలనుకునేది ఇదే. ఇక్కడి నుంచి కారణం రాయండి: డీసీ కరెంటు ఆగకుండా పారితే తడి నేలలో ఎలక్ట్రాలిసిస్ జరిగి కడ్డీని తినేస్తుంది, రెసిస్టెన్స్ పెరుగుతుంది, దాన్ని ప్రోగ్రామ్ పొడి నేల అనుకుంటుంది. తర్వాత మీరేం చేశారు? రీడింగ్ తీసుకునే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చారా, లోహం నేలకి తగలని కెపాసిటివ్ సెన్సార్‌కి మారారా? అనంతపురం ఎర్రనేలకి చేసిన కాలిబ్రేషన్ నంద్యాల వైపు నల్లరేగడికి పనికిరాదని గమనించారా? ఆ గమనింపులోంచి పుట్టిన ప్రశ్నే మాస్టర్స్ ఎందుకు చేయాలనుకుంటున్నారో చెప్పే కారణం. దాన్ని వేరే పేరాలో ప్రత్యేకంగా కల్పించాల్సిన పని ఉండదు.

వాయిస్ టైపింగ్‌కి లోపాలున్నాయి. తెలుగులో ఫుల్‌స్టాపులు, కామాలు నోటితో పెట్టించలేం, అంతా ఒకే ముద్దగా పడుతుంది. మన యాస మాటలు చాలాసార్లు తప్పు పడతాయి. దిద్దుకుంటూ కూర్చోవద్దు, ఇది పచ్చి సరుకు మాత్రమే. అందులో అంకెలు, పేర్లు, పాడైన వస్తువులు ఉన్నచోట్ల హైలైట్ చేసి, ఫైలు మూసేసి, ఇంకో ఫైల్లో ఇంగ్లిష్‌లో సొంతంగా రాయండి. తెలుగు పేజీని గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో వేసి తెచ్చుకుంటే వాక్యాలు చాంతాడంత అవుతాయి, ఎవరు ఏం చేశారో తెలియదు.

కొలతలు ముందే చూసుకోవాలి. అమెరికా ఎంఎస్‌కి చాలా డిపార్ట్‌మెంట్లు 500 నుంచి 1000 పదాలు అడుగుతాయి. బ్రిటన్ డిగ్రీ దరఖాస్తులు తీసుకునే సంస్థ యూకాస్ 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టింది: ఈ కోర్సు ఎందుకు, చదువు మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడింటికీ కలిపి ఖాళీలతో సహా 4000 అక్షరాలు, ఒక్కో జవాబు కనీసం 350 అక్షరాలు. అమెరికా డిగ్రీకి దరఖాస్తు చేసే కామన్ యాప్‌లో వ్యాసం 250 నుంచి 650 పదాలు. డాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, సి నొక్కితే పదాలు, అక్షరాలు, ఖాళీలు లేని అక్షరాలు విడివిడిగా చూపిస్తుంది. ఒక పేరా సెలెక్ట్ చేసి నొక్కితే ఆ పేరా లెక్కే వస్తుంది. యూకాస్ మూడు జవాబులకీ ఇది బాగా అక్కరకొస్తుంది. పోర్టల్ లెక్కలో తేడా రావచ్చు కాబట్టి ఓ 40 అక్షరాలు తక్కువలోనే ఆపండి.

900 పదాల ఎస్ఓపీ అయితే సగం దాకా ప్రాజెక్టుకి, లేదా ఉద్యోగంలో చేసిన పనికి ఇవ్వండి. యూనివర్సిటీ పేరాకి 200. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. కంట్రోల్, హెచ్‌తో పాత యూనివర్సిటీ పేరు తీసి కొత్తది పెడతారు. పేరు మారుతుంది, కింద ప్రొఫెసర్ మాత్రం పాత చోటివాడే ఉంటాడు. పేరు మార్చినా పేరా అతుకుతోందంటే ఆ పేరా ఖాళీ అని అర్థం, మొత్తం కొట్టేసి ఆ డిపార్ట్‌మెంట్ ల్యాబ్ పేజీ చదివి మళ్లీ రాయాలి. ఒక్కో యూనివర్సిటీకి ఒక్కో ఫైలు పెట్టుకోవడం మేలు.

బ్యాక్‌లాగ్‌ల గురించి అడుగుతుంటారు. రెండు వాక్యాలు చాలు: ఏ సెమిస్టర్, ఎందుకు, ఎప్పుడు క్లియర్ చేశారు, ఆ తర్వాత సంబంధించిన సబ్జెక్టులో ఎలా చదివారు. మొదటి పేరాలో పెట్టొద్దు. సబ్జెక్టు పేర్లు మార్క్స్ మెమోలో ఉన్నట్టే రాయండి, ట్రాన్స్‌క్రిప్ట్‌తో పోల్చి చూస్తారు.

వెర్షన్ హిస్టరీ విలువ డెడ్‌లైన్ దగ్గరపడ్డాక తెలుస్తుంది. సీనియర్ ఒకటి, మేడమ్ ఒకటి, కన్సల్టెన్సీ ఒకటి చెప్పి మీ వాక్యాలన్నీ మార్చేశాక, వెనక్కెళ్లి మొదటి డ్రాఫ్ట్‌లోని తుప్పు పట్టిన కడ్డీ వాక్యాన్ని తెచ్చుకోవచ్చు. దిద్దుబాటు విడత ముగిసిన ప్రతిసారీ వెర్షన్‌కి పేరు పెట్టండి. "మేక్ ఎ కాపీ" చేస్తే పాత హిస్టరీ కొత్త ఫైల్లోకి రాదు, అది గుర్తుంచుకోవాలి. ఇది మీరే రాశారా అన్న అనుమానం వస్తే చూపించడానికి కూడా ఈ హిస్టరీయే పనికొస్తుంది. ఏఐతో రాయించి సొంతదని పంపితే యూనివర్సిటీలు మోసంగా చూడొచ్చని యూకాస్ చెప్తోంది.

షేరింగ్ దగ్గర జాగ్రత్త. లింకు ఇచ్చేటప్పుడు "కామెంటర్" హక్కే ఇవ్వండి, "ఎడిటర్" ఇవ్వొద్దు. పక్కన కామెంట్ వస్తే ఆలోచించుకుని మీరే మారుస్తారు, ఎడిట్ వస్తే మీ గొంతు పోయి దిద్దినవాళ్ల గొంతు మిగులుతుంది. సబ్మిట్ చేయకముందు హాస్టల్ వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పడకూడదు. యూకాస్ ప్రతి స్టేట్‌మెంట్‌నీ అంతకుముందు వచ్చినవాటితో పోల్చి చూస్తుంది. మీ వాక్యాలు వాడుకున్నవాళ్లు మీకన్నా ముందు పంపితే పోలిక మీ దగ్గర బయటపడుతుంది, ఆ సంగతి యూనివర్సిటీకి వెళ్తుంది.

మిగిలింది పంపడం. బాక్సులో పేస్ట్ చేసే పోర్టల్‌కి బోల్డ్, ఇటాలిక్ తీసేసి, ఫార్మాటింగ్ లేకుండా పేస్ట్ చేయండి. పీడీఎఫ్ అడిగితే ఫైల్ మెనూలో డౌన్‌లోడ్ నుంచి తీసుకోండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్లు కలిపి పీడీఎఫ్ చేయొద్దు. ఫైలు పేరులో "ఫైనల్ 3" లాంటివి తీసేసి మీ పేరు, ప్రోగ్రామ్ పేరు పెట్టండి. అప్‌లోడ్ అయ్యాక ప్రివ్యూ తెరిచి యూనివర్సిటీ పేరు, ప్రోగ్రామ్ పేరు, ప్రొఫెసర్ పేరు మూడూ చదివి, అప్పుడు ఫీజు కట్టండి.