మెక్‌లెమోర్ అవెన్యూకి పదిహేను నిమిషాలు చాలవు

అమెరికాలోని మెంఫిస్ వెళ్లేవారు సంగీత యాత్ర పేరుతో ఊరు తిప్పే వ్యాన్లకు డబ్బు కట్టవద్దని చెప్పడం కోసమే ముందుగా ఇది రాస్తున్నాను. మనిషికి 65 డాలర్ల చొప్పున మా ముగ్గురి దగ్గర 195 డాలర్లు తీసుకున్నారు. డాలస్ నుంచి 450 మైళ్లు కారు నడుపుకుంటూ మేము ఏ చోటు కోసం వెళ్లామో, మెక్‌లెమోర్ అవెన్యూలోని ఆ స్టాక్స్ రికార్డింగు స్టూడియో దగ్గర మమ్మల్ని పదిహేను నిమిషాలు, అదీ గుమ్మం బయట నిలబెట్టి, ఫొటోలు తీసుకోమని చెప్పి, మళ్లీ వ్యాను ఎక్కించారు.

మేము వెళ్లింది మా బావగారి కోసం. నా భార్యకు అన్నగారైన ఆయన రాజమండ్రిలో పెళ్లిళ్లకూ దసరా పందిళ్లకూ వాయించే ఆర్కెస్ట్రాలో ఇరవై రెండేళ్లు లీడ్ గిటారు వాయించారు. రెండు నెలలు ఉండిపోదామని మా ఇంటికి వచ్చిన మనిషి నయాగరా అడగలేదు, న్యూయార్క్ అడగలేదు. స్టాక్స్ స్టూడియో ఒక్కటి చూపించమన్నారు. బుకర్ టీ అండ్ ది ఎం.జీ.స్ అనే నలుగురు 1962లో అక్కడ వాయించిన ‘గ్రీన్ ఆనియన్స్’ను ఆయన పాతికేళ్ల వయసులో ఎవరో ఇచ్చిన కేసెట్‌లో విన్నారట. అందులో పాడేవారు ఎవరూ ఉండరు. మూడు నిమిషాలు కూడా నిండని ఆ బాణీలో ఆర్గన్ ఒకే స్వరాల వరసను తిప్పి తిప్పి వాయిస్తుంటే, స్టీవ్ క్రాపర్ గిటారు మధ్యలో కత్తితో గీసినట్టు వచ్చి పోతుంది. పాట లేకుండా జనాన్ని కూర్చోబెట్టవచ్చునని తనకు తెలిసింది ఆ రోజేనని ఆయన చాలాసార్లు చెప్పారు.

శుక్రవారం ప్రయాణం లిటిల్ రాక్ మీదుగా ఏ ఇబ్బందీ లేకుండా సాగింది. బస గురించి కూడా ఒక మాట చెప్పాలి. రెండు రాత్రులకు 238 డాలర్లని చెప్పి గది ఇచ్చిన డౌన్‌టౌన్ హోటలు, ఖాళీ చేసే పూట రాత్రికి 24 డాలర్ల చొప్పున పార్కింగు రుసుము కలిపింది. ముందు చెప్పలేదేమని అడిగితే గోడమీద చిన్న అక్షరాల బోర్డు చూపించారు. గదిని బుక్ చేసేటప్పుడే పార్కింగు సంగతి రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

ఇక వ్యాను విషయం. మూడు గంటల సంగీత చరిత్ర అని ప్రకటనలో ఉంది. అందులో యాభై నిమిషాలు బీల్ స్ట్రీట్‌లో వారికి తెలిసిన జ్ఞాపికల దుకాణంలోనే గడిచాయి. స్టాక్స్ దగ్గర లోపలికి వెళ్లడానికి టిక్కెట్టు వేరే అనీ, అందుకు సమయం లేదనీ చెప్పారు. అదంతా ఓర్చుకున్నాం. అయితే గైడు ఓటిస్ రెడ్డింగ్, ఐజాక్ హేయ్స్ ఇక్కడే పాడారని చెప్పి ముగించినప్పుడు, బావగారు చెయ్యెత్తి ఎం.జీ.స్ గురించి చెప్పమని అడిగారు. “వాళ్లు వెనక వాయించేవాళ్లు కదా” అని ఆ అబ్బాయి నవ్వి, డ్రైవరును పోనిమ్మన్నాడు. బావగారు ఆ తరువాత వ్యాను దిగేదాకా మాట్లాడలేదు. నా భార్య రెండుసార్లు మంచినీళ్లు అందించినా తీసుకోలేదు. సగం డబ్బైనా వెనక్కి ఇమ్మని కార్యాలయంలో నేను అడిగితే, యాత్ర పూర్తయింది కాబట్టి ఇవ్వడం కుదరదన్నారు.

మధ్యాహ్నం మా కారులో మేమే వెనక్కి వెళ్లాం. స్టాక్స్‌కు దగ్గరలోనే ఫోర్ వే అనే భోజనశాల ఉంది. 1946 నుంచి నడుస్తున్న ఆ చోట స్టాక్స్ వాద్యకారులే కాదు, మార్టిన్ లూథర్ కింగ్ కూడా భోజనం చేశారు. మొక్కజొన్న పిండి పట్టించి వేయించిన క్యాట్‌ఫిష్ పైన కరకరలాడుతూ, లోపల వేలితో తాకితే విడిపోయేటంత మెత్తగా ఉంది. శనివారం కాబట్టి నా భార్య మాంసాహారం ముట్టదు. ఆకుకూరలో మాంసం వేస్తారేమోనని అడిగితే, వడ్డించే పెద్దావిడ దాచకుండా వేస్తామని చెప్పి, చిలగడదుంప, చీజు మాకరోనీ, పీచ్ కాబ్లర్ తెచ్చి పెట్టింది. ముగ్గురికీ టిప్పుతో కలిపి 61 డాలర్లయింది. బావగారు ఆ పూట మొదటిసారి నోరు తెరిచింది ఇంకో ముక్క చేప అడగడానికి.

స్టాక్స్ మ్యూజియం టిక్కెట్టు, వ్యాను వారు తీసుకున్నదానిలో సగం కూడా లేదు. చిన్న చిత్రం ఒకటి చూపించి లోపలికి పంపుతారు. బంగారు తొడుగులతో మెరిసే ఐజాక్ హేయ్స్ క్యాడిలాక్ చుట్టూ జనం ఎక్కువగా ఉన్నారు. మీరు మాత్రం ఓపిక మిగుల్చుకుని స్టూడియో గదిలో ఎక్కువసేపు ఉండండి. జిమ్ స్టీవార్ట్ అనే బ్యాంకు ఉద్యోగి, ఆయన అక్క ఎస్టెల్ ఆక్స్‌టన్ కలిసి నడిపిన సంస్థ ఇది. వారి ఇంటిపేర్లలోని మొదటి రెండేసి ఇంగ్లీషు అక్షరాలు కలిపితే స్టాక్స్ అయింది. రికార్డింగు యంత్రం కొనడానికి ఆవిడ తన ఇల్లు తాకట్టు పెట్టింది. 1960లో పాత సినిమా హాలు ఒకటి అద్దెకు తీసుకుని కుర్చీలు పీకించారు గాని, తెర వైపు వాలిన నేలను చదును చేయించలేదు. మిఠాయిలు, పాప్‌కార్న్ అమ్మే చోట ఆవిడ రికార్డుల దుకాణం పెట్టింది. అసలు భవనాన్ని 1989లో కూల్చేశారు. అదే స్థలంలో అదే రూపంలో కట్టి 2003లో మ్యూజియంగా తెరిచినప్పుడు ఆ వాలును కూడా అలాగే ఉంచారు. పై నుంచి కిందికి నాలుగు అడుగులు వేస్తే ఆ వాలు మడమలకు తెలుస్తుంది. బావగారు చెప్పులు విడిచి నడిచారు.

‘గ్రీన్ ఆనియన్స్’లో ఆర్గన్ వాయించిన బుకర్ టీ జోన్స్‌కు అప్పటికి పదిహేడేళ్లు, ఇంకా హైస్కూలులో చదువుతున్నాడు. వేరే గాయకుడి రికార్డింగు మధ్య దొరికిన ఖాళీలో నలుగురూ వాయించుకుంటుంటే స్టీవార్ట్ టేపు నడిపించాడు. రికార్డుకు రెండో వైపు నింపడానికి పనికొస్తుందని వాయించిన ఆ బాణీయే రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో మొదటి స్థానానికి, పాప్ జాబితాలో మూడో స్థానానికి వెళ్లింది. అందులో క్రాపర్ కొన్ని స్వరాలు కలిపిన కార్డ్‌ను కొట్టీ కొట్టగానే తీగలు నొక్కేసి శబ్దాన్ని ఎలా తెంపేస్తాడో, బావగారు గిటారు లేకుండానే ఎడమచెయ్యి గాలిలో బిగించి, సడలించి నాకు చూపించారు. ఆ వేళ్ల పట్టు దొరకడానికి తనకు ఒక వేసవి పట్టిందట.

అక్కడే మరో సంగతి చెప్పారు. 1967లో శామ్ అండ్ డేవ్ పాడిన ‘సోల్ మ్యాన్’లో, గిటారు వచ్చేచోట గాయకుడు “వాయించు స్టీవ్” అని పేరు పెట్టి పిలుస్తాడు. “ఇరవై రెండేళ్లలో వేదిక మీద నా పేరు ఒక్కరూ పలకలేదు బావగారూ” అన్నారాయన. ఏమనాలో నాకు తోచలేదు. మూసేవేళ అయిందని వచ్చి చెప్పేదాకా, మూడు గంటల పైనే అక్కడ ఉన్నాం. సోమవారం వెళ్లకండి, సెలవు.

ఆదివారం ఉదయం లొరైన్ మోటెల్ చూశాం. 1968 ఏప్రిల్ 4న కింగ్‌ను కాల్చిన చోటు కాబట్టి అందరూ బాల్కనీ దగ్గర మౌనంగా నిలబడతారు, మేమూ నిలబడ్డాం. ఎం.జీ.స్‌లో నల్లవారు, తెల్లవారు కలిసి ఉండేవారు. ఆనాటి మెంఫిస్‌లో వారు కలిసి కూర్చోగలిగిన కొద్ది చోట్లలో ఈ మోటెల్ ఒకటి. 1965లో క్రాపర్, గాయకుడు విల్సన్ పికెట్ కలిసి ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ రాసింది ఇక్కడే. దాన్ని రికార్డు చేసేటప్పుడు అప్పటి కొత్త నృత్యం అడుగుకు సరిపోయేలా రెండో దెబ్బనూ నాలుగో దెబ్బనూ ఒక్క పిసరు వెనక్కి లాగి వాయించారు.

తిరుగు ప్రయాణంలో మిసిసిపీ వంతెన ఎక్కేసరికి బావగారు వెనక సీటులో మోకాలి మీద తాళం వేస్తున్నారు.

“అన్నయ్యా, రెండోది ఆలస్యంగా పడుతోంది” అంది నా భార్య.

“అక్కడే పడాలమ్మా” అని ఆయన మళ్లీ మొదటినుంచి అందుకున్నారు.