కొత్త టైరు మీద గాటు: చూస్తూ ఉండాలా, విప్పించాలా, మార్పించాలా?

కొత్త టైర్లు వేయించుకున్నాక కారు చుట్టూ ఒకసారి తిరిగి చూసుకోనివారు అరుదు. ఒక్కోసారి ఆ చూపులోనే మనసు చివుక్కుమంటుంది. రిమ్ము అంచుకు ఆనుకుని రబ్బరు చిన్న పెచ్చులా లేచి ఉంటుంది, లేదా సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద ఒక గీతో గుంటో కనిపిస్తుంది. షాపులో అడిగితే ‘ఏమీ కాదండీ, నిశ్చింతగా తిప్పండి’ అంటారు. తెలిసినవారికి చెబితే ‘వేగంలో పేలిపోతుంది, వెంటనే మార్పించు’ అంటారు. ఇద్దరిలో ఎవరూ వంగి చూసి ఉండరు.

ముందున్న దారులు మూడు. అలాగే నడుపుతూ గమనించడం, టైరును రిమ్ము నుంచి విప్పించి లోపల చూపించడం, పట్టుబట్టి కొత్తది వేయించుకోవడం. నిదానస్తులు మొదటిది, భయస్తులు మూడోది ఎంచుకుంటారు. ఎటూ తేల్చుకోలేనివారు విప్పించి చూద్దామంటారు. నా మటుకు ఆ మధ్య దారే అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించి వేయాల్సిన అడుగు. అది ఎందుకో తెలియాలంటే టైరు రిమ్ములోకి ఎలా ఎక్కుతుందో కాస్త తెలియాలి.

టైరును రిమ్ముకు పట్టి ఉంచేది బీడ్. అంటే రబ్బరు తొడిగిన ఉక్కు తీగల కట్ట. అది సాగదు, సాగకూడదు కూడా. సాగని ఆ వలయం తనకన్నా పెద్దదైన రిమ్ము అంచును దాటాలి. అందుకోసమే రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. బీడ్‌లో ఒక వైపు ఆ గాడిలోకి దిగితేనే ఎదుటి వైపు అంచు దాటడానికి సందు దొరుకుతుంది. మెకానిక్ ఆ వైపును గాడిలోకి నొక్కి ఉంచకుండా, అంచు తేలిగ్గా జారేందుకు రాసే పేస్టు రాయకుండా, టైరు ఎక్కించే యంత్రాన్ని తిప్పేస్తే ఆ బలమంతా యంత్రం తల ఆనిన చోటే పడుతుంది. అక్కడ రబ్బరు చిరుగుతుంది. మరీ మొండిగా తిప్పితే లోపలి తీగలే వంగుతాయి. సైడ్‌వాల్ ఎత్తు తక్కువగా ఉండే టైర్లలోనూ, గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లలోనూ ఈ ముప్పు ఎక్కువ. వాటి గోడలు బిరుసు.

ఆ తర్వాతి ప్రమాదం గాలి నింపేటప్పుడు. టప్పున చప్పుడుతో బీడ్ తన చోట కూర్చోవాలి. గాలి ఒత్తిడి 40 పీఎస్ఐ దాటేలోపు కూర్చోకపోతే గాలి తీసేసి, మళ్లీ పేస్టు రాసి, మొదటి నుంచి ప్రయత్నించాలి. ఇంకాస్త గాలి కొడితే అదే కూర్చుంటుందిలే అనుకోవడం టైరుకే కాదు, పక్కన నిలబడ్డ మనిషికీ ప్రమాదమే.

అంటే టైరు ఎక్కించడంలో తగిలే అసలు గాయం ఎక్కువగా బీడ్ దగ్గరే ఉంటుంది. రిమ్ములో కూర్చున్నాక అది కంటికి కనిపించదు. కనిపించే గీతలు చూసి మనం బెంగపడతాం, కనిపించని చోటు మన ఆలోచనలోకే రాదు. కొన్నయితే అసలు దెబ్బలే కావు. అచ్చులో పోసినప్పుడు మిగిలిన రబ్బరు వెంట్రుకలు, రోడ్డుకు ఆనే ట్రెడ్ మీది రంగు గీతలు, సైడ్‌వాల్ మీది ఎర్ర, పసుపు చుక్కలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే. సైడ్‌వాల్‌లో అడ్డంగా కనిపించే సన్నని లోతట్టు కూడా చాలాసార్లు అంతే. లోపలి దారాల పొర రెండు కొసలు ఒకదానిపై ఒకటి అతుక్కున్న చోట, గాలి నింపగానే గోడ కొంచెం తక్కువగా సాగి అలా కనిపిస్తుంది. లోపలికి గుంటగా ఉంటే భయం లేదు. బయటికి బుడిపెలా ఉబ్బితే మాత్రం ఆ చోట దారాలు తెగాయనే అర్థం.

ఇక మొదటి దారి. పైపై గీతలకూ, దారాలు కనిపించని లోతులేని గాట్లకూ గమనిస్తూ ఉండటమే సరి. అయితే గమనించడమంటే ఊరుకోవడం కాదు. గుర్తు ఉన్న చోటును వాల్వ్ కూడా కనిపించేలా ఆ రోజే ఫోటో తీసి ఉంచాలి. గాటు ఎంత లోతుందో చూద్దామని స్క్రూడ్రైవర్‌తో కెలకవద్దు, లేని నష్టం తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. బండి కదలకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ గాలి చూసి రాసుకోవాలి. వాతావరణం సుమారు 5, 6 డిగ్రీలు చల్లబడితేనే ఒక పీఎస్ఐ తగ్గుతుంది కాబట్టి ఒక్క టైరు కొలత చూస్తే ఏదీ తేలదు. మిగతా మూడింటికన్నా ఇది ఎక్కువ తగ్గుతోందా అన్నదే ప్రశ్న. డ్యాష్‌బోర్డు మీది హెచ్చరిక దీపాన్ని నమ్ముకుని కూర్చోవడం తప్పు. అది వెలిగేసరికే గాలి బాగా దిగిపోయి ఉంటుంది.

ఇంకో రెండు పరీక్షలకు టైరు విప్పనక్కరలేదు. రిమ్ము అంచు చుట్టూ, వాల్వ్ మొదట్లో సబ్బు నీళ్లు పోసి బుడగలు వస్తున్నాయా అని చూడటం ఒకటి. చక్రం లోపలి వైపు కూడా చూడాలి, చాలామంది అక్కడికి పోరు. రెండోది ఇంకా తేలిక. రిమ్ముకు దగ్గరగా సైడ్‌వాల్ మీద చుట్టూ సన్నని గీత ఒకటి ఉంటుంది. ఆ గీతకూ రిమ్ము అంచుకూ మధ్య ఎడం చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట గీత రిమ్ము కిందికి దిగిపోయినట్టుంటే అక్కడ బీడ్ సరిగ్గా కూర్చోలేదు. అలాంటి టైరుకు ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సర్దడం) చేయించినా కుదుపు పోదు.

కుదుపు గురించి ఒక మాట. కొత్త టైర్లతో గంటకు 80–100 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాలనూ, సీటు కింద వణికితే వెనక చక్రాలనూ అనుమానించాలి. షాపులో బాగున్నది మర్నాడు వణికిందంటే, పేస్టు ఆరకముందే గట్టిగా బ్రేకు వేయడం వల్ల టైరు రిమ్ము మీద జారి ఉండవచ్చు. వాల్వ్‌కు ఎదురుగా టైరు మీద సుద్దతో గీత గీసి ఉంటే ఈ సంగతి ఒక్క చూపులో తెలిసిపోయేది. అలా జారితే మళ్లీ బ్యాలెన్సింగ్ చేస్తే చాలు, టైరుకు వచ్చిన నష్టమేమీ లేదు.

రెండో దారి, విప్పించడం. దీనివల్ల లాభం స్పష్టమే. బీడ్ చుట్టూ, టైరు లోపలి పొరను, గాలి ఒత్తిడి కొలిచే సెన్సరును కళ్లారా చూడవచ్చు. కానీ విప్పడానికి బీడ్‌ను రిమ్ము నుంచి నొక్కి ఊడదీయాలి, అంచు మీదుగా దాటించాలి, మళ్లీ ఎక్కించాలి. మొదటిసారి దెబ్బ తగిలిందని మనం అనుమానిస్తున్నదే ఆ చోటు. కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూద్దామని గాయాన్ని మళ్లీ విప్పడం లాంటిది ఇది. వాల్వ్ దగ్గర ఉండే సెన్సరుకు యంత్రం తగిలి విరిగే అవకాశమూ ఉంది. గాలి నిలుస్తోంది, రిమ్ము చుట్టూ ఉన్న ఆ గీత సమంగా ఉంది, కుదుపు లేదు అన్నప్పుడు కేవలం మనశ్శాంతి కోసం విప్పించమని నేను చెప్పను.

బీడ్ దగ్గర బుడగలు వస్తుంటే, లేదా అంచు దగ్గర చిరుగు రిమ్ము లోపలికి పోతున్నట్టు కనిపిస్తుంటే విప్పించాల్సిందే. గీత సమంగా లేకపోవడమొక్కటే లోపమైతే, గాలి తీసి, పేస్టు రాసి, మళ్లీ నింపితే పూర్తిగా విప్పకుండానే తరచూ సర్దుకుంటుంది. ముందు అది అడగాలి. విప్పించాల్సి వస్తే టైరు ఎక్కించిన షాపులోనే విప్పించాలి. మరోచోట విప్పిస్తే, చిరుగు అక్కడే పడిందని ఈ షాపువారు అంటే మన దగ్గర జవాబు ఉండదు. పక్కనే నిలబడి చూడాలి. తప్పు టైరుదే అని ముందే తీర్మానించుకోకూడదు కూడా. రిమ్ము అంచు తుప్పు పట్టినా, పాత టైరు రబ్బరు ముక్కలు అంటుకుని ఉన్నా, అంచు వంగినా గాలి ఇలాగే పోతుంది. అప్పుడు రిమ్మును శుభ్రం చేయాలి లేదా సరిచేయాలి, టైరు జోలికి పోనక్కరలేదు.

విప్పాక బీడ్ కొసన రబ్బరు మాత్రమే కాస్త లేచి ఉండి, దారాలూ తీగలూ కనిపించకపోతే, మళ్లీ ఎక్కించాక గాలి నిలిస్తే, దాన్ని వాడుకోవచ్చని నా అభిప్రాయం. మళ్లీ ఎక్కించినప్పుడు బ్యాలెన్సింగ్ కూడా మళ్లీ చేయించాలి.

మూడో దారిలో వాదనకు చోటు తక్కువ. దారాలు బయటపడినా, సైడ్‌వాల్ ఉబ్బినా, బీడ్ తీగ కనిపించినా వంగినా ఆ టైరు పనికిరాదు. లోపలి నుంచి అతుకు వేసిస్తామంటే ఒప్పుకోకూడదు. పంక్చర్ మరమ్మతు ట్రెడ్ భాగానికే, అదీ దాదాపు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికే. నడుస్తున్నంతసేపూ వంగి లేచే సైడ్‌వాల్‌లో ఏ అతుకూ నిలవదు.

ఎవరిని అడగాలన్నది ఇక్కడి అసలు చిక్కు. టైరు కంపెనీ వారంటీ సాధారణంగా తయారీ లోపాలకే వర్తిస్తుంది. ఎక్కించేటప్పుడు తగిలిన దెబ్బ షాపు బాధ్యత. ‘కంపెనీకి రాస్తాం, చూద్దాం’ అని షాపువారు అంటే అది కాలయాపనే. బీడ్ చిరుగుకు షాపును నిలదీయడానికి గట్టి ఆధారం ఉంటుంది. కొంతకాలం నడిపాక వచ్చిన ఉబ్బుకు అంత ఉండదు, ఎందుకంటే గుంతలో పడ్డా, కాలిబాట అంచుకు కొట్టుకున్నా సరిగ్గా అలాంటి ఉబ్బే వస్తుంది. మొదటి రోజు ఫోటో పనికొచ్చేది ఇక్కడే. కొత్త టైరు ఇస్తామంటే సైజు ఒక్కటే చూసి ఊరుకోకుండా, టైరు మోయగల బరువును చెప్పే లోడ్ సూచిక, తట్టుకోగల వేగాన్ని చెప్పే గుర్తు మిగతా మూడింటితో సరిపోయాయో లేదో చూడాలి. తయారీ కోడ్ చివరి నాలుగు అంకెలు కూడా చదవాలి. 2324 అంటే 2024లో 23వ వారం. చక్రం బిగించాక 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి వచ్చి, నట్లను టార్క్ రెంచ్‌తో మరోసారి సరిచూడమని అడగాలి.